ఇంగ్లీషు వాక్యంలో మాట చేసే పని

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవాల సందర్భంగా ఉక్కునగరంలో జరిగిన సభలో, మన బడి పూర్వ విద్యార్థిని, విశ్రాంత ఇంగ్లీషు ఉపాధ్యాయిని చేసిన ప్రసంగ పాఠం)



నిర్వాహకులు నన్ను బడి జ్ఞాపకాల గురించి మాట్లాడమన్నారు. జ్ఞాపకాలు నాకన్నా బాగా చెప్పేవాళ్లు ఈ హాల్లో చాలామంది ఉన్నారు. నేను ముప్పై ఏళ్లకు పైగా ఇంగ్లీషు చెప్పినదాన్ని. నాకు చేతనైంది పాఠం. కాబట్టి కాసేపు మిమ్మల్ని మళ్లీ ఎనిమిదో తరగతి బెంచీల మీద కూర్చోబెడతాను. ఈ రోజు పాఠం 'పార్ట్స్ ఆఫ్ స్పీచ్'. మన తెలుగు మాస్టారి మాటల్లో చెప్పాలంటే భాషాభాగాలు. భయపడకండి, హోంవర్కు కూడా ఇస్తాను గాని, అది చివర్లో.

మన మొదటి వాక్యం పుస్తకంలోది కాదు, వీధిలోది. 1966లో ఉక్కు ఫ్యాక్టరీ కోసం విద్యార్థులు రోడ్డెక్కినప్పుడు ఊరూరా మోగిన నినాదం: 'విశాఖ ఉక్కు – ఆంధ్రుల హక్కు'. ఆ నినాదం కోసం ప్రాణాలు పోయాయి. 1971 జనవరి 20న ఇందిరాగాంధీ శంకుస్థాపన చేశారు. 1990లో మొదటి బ్లాస్ట్ ఫర్నేసు 'గోదావరి' పని మొదలుపెట్టింది. 1992 ఆగస్టు 1న పి.వి. నరసింహారావు కర్మాగారాన్ని జాతికి అంకితం చేశారు. ఇదంతా మీకు తెలిసిన చరిత్రే. ఇప్పుడు ఆ నినాదాన్ని వ్యాకరణం కళ్లద్దాలు పెట్టుకుని చూద్దాం.

విశాఖ, ఉక్కు, ఆంధ్రుల, హక్కు. నాలుగే మాటలు. నాలుగూ నామవాచకాలే. వెతికినా క్రియ దొరకదు. అయినా వాక్యం పూర్తయింది, అర్థం గుండెల్లోకి దిగింది. ఇదే మాట ఇంగ్లీషులో చెప్పాలంటే 'విశాఖ స్టీల్ ఈజ్ ది రైట్ ఆఫ్ ది ఆంధ్రాస్' అనాలి. ఎనిమిది మాటలు. తెలుగులో విడిగా లేనివి, ఇంగ్లీషుకు కావలసి వచ్చినవి నాలుగు: ఈజ్, ది, ఆఫ్, మళ్లీ ది. అక్కచెల్లెళ్లారా, అన్నదమ్ములారా, మన పిల్లలు ఇంగ్లీషులో తడబడేది సరిగ్గా ఈ నాలుగు మాటల దగ్గరే. స్టీల్ దగ్గరా కాదు, రైట్ దగ్గరా కాదు. ముప్పై ఏళ్లు జవాబు పత్రాలు దిద్దాక ఈ మాట నమ్మకంగా చెప్పగలను.

ముందుగా 'ఈజ్' సంగతి చూడండి. 'మా నాన్న ఫిట్టర్' అంటాం. ఇందులో క్రియ లేదు. కాబట్టి 'మై ఫాదర్ ఈజ్ ఎ ఫిట్టర్' అని రాసి క్రియ కింద గీత గీయమంటే పిల్ల ఎక్కడ గీయాలి? తన భాషలో అక్కడ ఏమీ లేదు. పైగా మనం నేర్పిన నిర్వచనం 'వెర్బ్ అంటే డూయింగ్ వర్డ్', పని చేసే మాట అని. ఈ వాక్యంలో పని చేస్తున్నట్టు కనిపించేది ఎవరు? ఫిట్టరు! పిల్ల ఫిట్టర్ కింద గీత గీసి తెస్తుంది. మనం ఎర్ర సిరాతో అడ్డంగా కొట్టేస్తాం. నిజానికి ఆ పిల్ల మన నిర్వచనాన్ని తూచా తప్పకుండా పాటించింది. లోపం నిర్వచనంలో ఉంది.

మరి క్రియను పట్టుకునేదెలా? నిర్వచనం అడగకుండా, వాక్యాన్ని ఇవాళ్టి నుంచి నిన్నటికి జరపమనండి. 'ది ఫర్నేస్ ఈజ్ హాట్' అనే వాక్యాన్ని నిన్నటికి జరిపితే 'ది ఫర్నేస్ వాజ్ హాట్' అవుతుంది. ఏ మాట మారింది? ఈజ్. అదే క్రియ. 'దే టాప్ ది మెటల్' నిన్నటికి జరిపితే 'దే టాప్డ్ ది మెటల్'. మారింది టాప్, అదే క్రియ. పుట్, కట్ లాంటి మొండి మాటలు కొన్ని నిన్నటికి జరిపినా మారవు. అప్పుడు రేపటికి జరపండి. 'విల్' వచ్చి ఏ మాట ముందు నిలబడితే అది క్రియ. మూడో తరగతి పిల్లకు కూడా అందే పరీక్ష ఇది. ఇందులో బట్టీ పట్టాల్సింది ఏమీ లేదు.

ఇక ఆ వాక్యంలోనే ఉన్న 'రైట్' దగ్గరికి వద్దాం. రైట్ ఏ భాషాభాగం? చేతులెత్తే ముందు ఒక్క క్షణం ఆగండి. నినాదంలో రైట్ అంటే హక్కు, నామవాచకం. 'దిస్ ఈజ్ ది రైట్ ఆన్సర్' అన్నప్పుడు సరైన, విశేషణం. అనకాపల్లి వైపు నుంచి వచ్చే చుట్టానికి ఫోన్లో దారి చెబుతూ 'కూర్మన్నపాలెం జంక్షన్‌లో టర్న్ రైట్' అంటాం. అక్కడ ఎటు తిరగాలో చెబుతోంది కాబట్టి క్రియా విశేషణం. సముద్రంలో బోల్తాపడ్డ పడవను జాలర్లు మళ్లీ నిలబెడితే 'దే రైటెడ్ ది బోట్' అంటారు, అక్కడ క్రియ. మరి గాజువాకలో బస్సు కదిలేముందు కండక్టరు తలుపు మీద తట్టి 'రైట్ రైట్!' అంటాడే, అది ఆశ్చర్యార్థకాల వరసలో చేరే కేక. ఒకే మాట, ఐదు ఉద్యోగాలు!

కాబట్టి 'రైట్ ఏ భాషాభాగం?' అన్న ప్రశ్నకు జవాబు లేదు. 'ఈ వాక్యంలో రైట్ ఏ పని చేస్తోంది?' అంటేనే జవాబు దొరుకుతుంది. నేను ఈ రోజు చెప్పదలచుకున్నది ఇంతే. మాటకు పుట్టుకతో వచ్చే భాషాభాగం లేదు. వాక్యంలో చేసే పనిని బట్టి వస్తుంది. ప్లాంటులో పనిచేసినవాళ్లకు ఇది వివరించక్కర్లేదు. గేట్ పాసు మీద 'ఫిట్టర్' అని ఉన్న మనిషే ఇంటికొస్తే తండ్రి, ఆదివారం సెక్టారు గ్రౌండులో అంపైరు, వినాయక చవితి పందిట్లో చందాల లెక్క రాసే కోశాధికారి. మనిషి ఒకడే. ఎక్కడ నిలబడ్డాడో చూసి పిలుస్తాం.

నిజానికి ఈ ఊరి పిల్లలకు ఈ సంగతి అందరికన్నా సులువుగా పట్టుబడాలి. ప్లాంటు మాటలన్నీ రెండు పడవల మీద కాళ్లు పెట్టినవే. స్టీల్ మెల్టింగ్ షాపులో ఒక విడతగా తయారయ్యే ఉక్కును 'హీట్' అంటారు. అక్కడ హీట్ నామవాచకం, 'హీట్ ది మెటల్' అంటే క్రియ. చార్జ్, బ్లో, కాస్ట్, రోల్, షిఫ్ట్ అన్నీ అంతే. అమ్మానాన్నలు అన్నం తింటూ వాడే మాటలివి. పాఠంలో మాత్రం మనం యాపిల్ నౌన్, రన్ వెర్బ్ అని చెప్పి ఊరుకుంటాం. 'ఎ లాంగ్ రన్' అన్నచోట రన్ ఏమవుతుందో చెప్పం.

మనలో చాలామంది గడప దాటించిన పుస్తకం రెన్ అండ్ మార్టిన్. 1935లో మొదట అచ్చయిన ఆ పుస్తకాన్ని తర్వాతి కాలంలో సవరించినవారిగా అట్ట మీద ఎన్.డి.వి. ప్రసాదరావు గారి పేరు ఉంటుంది. ఆ పుస్తకమే భాషాభాగాల పాఠం మొదట్లో, మాటలను వర్గాలుగా విడదీసేది వాక్యంలో అవి చేసే పనిని బట్టి అని చెబుతుంది. ఆ ముక్క వదిలేసి, కింద ఉన్న ఎనిమిది నిర్వచనాలు మాత్రం బట్టీ పట్టించడం బళ్లలో ఆనవాయితీ అయిపోయింది. పరీక్షలో నిర్వచనానికి రెండు మార్కులు ఖాయం కదా!

ఈ జబ్బు నిన్నమొన్నటిది కాదు. మన విజయనగరం గురజాడ అప్పారావు గారు 'కన్యాశుల్కం'లో దీన్ని నూరేళ్ల కిందటే ఎండగట్టారు. కొడుకు ఇంగ్లీషు మాట్లాడితే వినాలని వెంకమ్మ ముచ్చటపడుతుంది. గిరీశం, వెంకటేశం ఆమె ఎదుట ఇంగ్లీషు 'మాట్లాడతారు'. ఆ మాటల్లో రీడరు వాక్యం, పద్యపాదం, జామెట్రీ సూత్రం, నౌన్ల బహువచనానికి వ్యాకరణ సూత్రం వరసగా దొర్లుతాయి. తల్లి మురిసిపోతుంది. మనం నవ్వుతాం. ఇవాళ చుట్టాలొచ్చినప్పుడు మనవడిని పిలిచి 'వాటీజ్ ఎ నౌన్, చెప్పు నాన్నా' అని అడిగి, వాడు గుక్కతిప్పుకోకుండా అప్పజెబితే చప్పట్లు కొడుతున్నాం. వెంకమ్మకూ మనకూ తేడా ఎంతో మీరే చెప్పాలి.

ఇంతకీ ఎనిమిది అనే లెక్క కూడా దేవుడు గీసిన గీత కాదు. డయొనీసియస్ థ్రాక్స్ పేరుతో దక్కిన గ్రీకు వ్యాకరణం ఎనిమిది లెక్క చెప్పింది. ఆ ఎనిమిదిలో ఆర్టికల్ ఉంది. లాటినుకు ఆర్టికల్ లేదు కాబట్టి రోమను పండితులు దాన్ని తీసేసి, ఆశ్చర్యార్థకాన్ని చేర్చి ఎనిమిదిని నిలబెట్టుకున్నారు. ఇంగ్లీషు ఆ లెక్కను వారసత్వంగా తీసుకుంది. మన యాస్కుడు నిరుక్తంలో నామం, ఆఖ్యాతం, ఉపసర్గ, నిపాతం అని నాలుగే చెప్పాడు. మన బడిలో తెలుగు మాస్టారు నామవాచకం, సర్వనామం, విశేషణం, క్రియ, అవ్యయం అని ఐదు చెప్పారు. ఏ భాష అవసరం దానిది. పనిని గుర్తుపట్టడం ముఖ్యం, పెట్టెల లెక్క తర్వాత.

ఆ పనిని గుర్తుపట్టడానికి మన దగ్గర అద్భుతమైన పనిముట్టు ఉంది. అది తెలుగు. తెలుగు ప్రశ్నలు వేయండి, ఇంగ్లీషు మాట దానంతట అదే తన చోటు చూపిస్తుంది. ఎవరు, ఏమిటి అంటే జవాబుగా వచ్చేది నామవాచకం, లేదా దాని బదులు నిలబడ్డ సర్వనామం. ఎలాంటి, ఏ, ఎన్ని అంటే విశేషణం. ఎలా, ఎప్పుడు, ఎక్కడ అంటే క్రియా విశేషణం. ఒక వాక్యం మీద ప్రయోగించి చూద్దాం: 'ఓహ్, ది ఓల్డ్ ఫిట్టర్ కేమ్ ఎర్లీ, అండ్ హి వెయిటెడ్ ఎట్ ది గేట్.' పన్నెండు మాటల్లో ఎనిమిది భాషాభాగాలూ ఉన్నాయి.

వచ్చిందెవరు? ఫిట్టర్, నామవాచకం. ఎలాంటి ఫిట్టరు? ఓల్డ్, విశేషణం. ఎప్పుడొచ్చాడు? ఎర్లీ, క్రియా విశేషణం. రేపటికి జరిపితే మారేవి కేమ్, వెయిటెడ్, అవి క్రియలు. ఫిట్టరు బదులు నిలబడింది హి, సర్వనామం. రెండు ముక్కలనూ కలిపి కుట్టింది అండ్, సముచ్చయం. ఓహ్ ఎవరి మీదా ఆధారపడలేదు, అది ఆశ్చర్యార్థకం. ఎట్ అంటే మన 'దగ్గర'. మనకు గేటు తర్వాత వచ్చేది వాళ్లకు గేటు ముందు వచ్చింది. ఇక 'ఎర్లీ'నే 'ది ఎర్లీ షిఫ్ట్' అని మార్చండి. ఇప్పుడు ప్రశ్న 'ఎప్పుడు' కాదు, 'ఏ షిఫ్టు'. వెంటనే ఎర్లీ విశేషణమైపోయింది. మాట మారలేదు, కుర్చీ మారింది.

డుమువులు ప్రథమా విభక్తి అని మనమంతా రాగం తీసి చదివినవాళ్లమే. ఆ విభక్తులు తెలిసినవాడికి ప్రిపోజిషన్ కొత్త కాదు. ప్లాంటులో, బల్ల మీద, గేటు దగ్గర అని మనం వెనక తగిలించేదాన్ని వాళ్లు ముందు తగిలిస్తారు. దానికి పట్టుకోవడానికి ఒక నామవాచకం కావాలి. 'హి ఈజ్ ఇన్ ది ఆఫీస్' అంటే ఇన్ ప్రిపోజిషన్. 'ఈజ్ ది మేనేజర్ ఇన్?' అంటే దాని వెనక పట్టుకోవడానికి ఏమీ లేదు, కాబట్టి అక్కడ అది క్రియా విశేషణం.

అన్నిటికన్నా పిల్లలను ఏడిపించే మాట 'దట్'. నౌన్ కాదు, వెర్బ్ కాదు, ఎక్కడ చూసినా అదే. తెలుగులో పెట్టి చూడండి. 'దట్ ఈజ్ ఎ క్రేన్', అది క్రేను. 'దట్ క్రేన్ ఈజ్ న్యూ', ఆ క్రేను కొత్తది. 'ఐ నో దట్ ది క్రేన్ ఈజ్ న్యూ', క్రేను కొత్తదని నాకు తెలుసు. అది అంటే సర్వనామం, ఆ అంటే విశేషణం, అని అంటే సముచ్చయం. ఇంగ్లీషు ఒకే చొక్కా తొడిగి పంపిన ముగ్గురిని తెలుగు మూడు పేర్లతో పిలిచి చూపించింది. తెలుగు వస్తే ఇంగ్లీషు పాడవుతుందని భయపడే తల్లిదండ్రులకు ఈ ఒక్క ఉదాహరణ చాలు.

తెలుగు పక్కదోవ పట్టించే చోట్లు కూడా ఉన్నాయి, అవీ చెప్పాలి. 'నాకు ఆకలిగా ఉంది' అంటాం. ఆకలి మనకు నామవాచకం. 'ఐ యామ్ హంగ్రీ'లో హంగ్రీ విశేషణం. 'చాలామంది', 'చాలా వేడి' రెంటికీ మనకు ఒకే చాలా. ఇంగ్లీషులో మొదటిది మెనీ, రెండోది వెరీ. అందుకే ప్రశ్న తెలుగులో వేసినా, జవాబు మాత్రం ఇంగ్లీషు వాక్యంలోనే వెతకాలి. అలాగే చివర 'లీ' కనబడగానే ఆడ్వెర్బ్ అనే అడ్డదారి కూడా కొంతదూరమే పనికొస్తుంది. స్లో అనే విశేషణానికి లీ తగిలిస్తే క్రియా విశేషణం వచ్చింది. ఫ్రెండ్ అనే నామవాచకానికి లీ తగిలిస్తే మాత్రం ఫ్రెండ్లీ అనే విశేషణం వచ్చింది.

ఉపాధ్యాయ మిత్రులకు ఒక్క మనవి. 'స్టీల్ ప్లాంట్'లో స్టీల్ ఏమిటని అడిగితే, ఏ ప్లాంటు అనే ప్రశ్నకు జవాబు కాబట్టి విశేషణమని బడి పుస్తకం చెబుతుంది. 'వెరీ స్టీల్' అనలేం, కాబట్టి అది నామవాచకమే, ఇంకో నామవాచకానికి ముందు నిలబడిందంతే అని ఇప్పటి వ్యాకరణవేత్తలు అంటారు. పిల్ల ఏది రాసినా, ఎందుకో చెప్పగలిగితే మార్కు ఇవ్వండి. సగం మార్కు జవాబుకి, సగం మార్కు 'ఎందుకు'కి.

'ఇదంతా పరీక్షల గొడవ, జీవితంలో దేనికి?' అని వెనక వరసలో ఎవరో అనుకుంటున్నారు, ఆ ముఖాలు నాకు అలవాటే. ఒక వాల్వుకు కట్టిన అట్టముక్క మీద 'ఓపెన్' అని మాత్రమే రాసి ఉందనుకోండి. అది విశేషణమైతే వాల్వు తెరిచి ఉందని అర్థం. క్రియ అయితే తెరవమని ఆజ్ఞ. తెలుగులో 'తెరిచి ఉంది', 'తెరువు' అని రెండూ వేరువేరు, పొరపాటుకు తావులేదు. ఇంగ్లీషులో ఒకటే మాట. కొత్తగా చేరిన కాంట్రాక్టు కార్మికుడు దాన్ని ఎలా చదువుతాడు? 'దిస్ వాల్వ్ ఈజ్ ఓపెన్' అనో, 'ఓపెన్ దిస్ వాల్వ్' అనో పూర్తి వాక్యం రాస్తే ఆ సందేహం రాదు. గ్యాసు పైపుల మధ్య బతికిన మీకు ఇంతకన్నా చెప్పక్కర్లేదు. భాషాభాగం గుర్తుపట్టడమంటే, ఈ మాట నాకు వార్త చెబుతోందా, పని చెబుతోందా అని తెలుసుకోవడం.

ఇప్పుడు హోంవర్కు. ఈ కర్మాగారం కోసం భూములిచ్చిన ఊళ్లవాళ్లు నిర్వాసిత కాలనీల్లో ఉన్నారు. వాళ్ల మనవళ్లు, మనవరాళ్లు ఇప్పుడు ఇంగ్లీషు మీడియంలో చదువుతున్నారు. ఇంట్లో అడిగి చెప్పించుకునే దిక్కు చాలామందికి లేదు. మరోపక్క టౌన్‌షిప్‌లో పెరిగిన మన మనవళ్లకు నౌన్ తెలుసు గాని నామవాచకం తెలియదు. ఒకరికి ఇంగ్లీషు గోడ, ఇంకొకరికి తెలుగు గోడ. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బళ్ల పుస్తకాలు కొన్నేళ్లుగా ఒక పేజీలో ఇంగ్లీషు, ఎదురు పేజీలో తెలుగుతో వస్తున్నాయి. ఆ రెండు పేజీలూ పక్కపక్కన పెట్టి ప్రశ్నలు వేసే మనిషి ఒకరు కావాలి. అంతే కావాలి.

మన సంఘం ఏటా మొదటి ర్యాంకు పిల్లలకు పతకాలిస్తోంది. ఇవ్వండి, మంచిదే. దానితోపాటు ఈ స్వర్ణోత్సవ సంవత్సరం నుంచి వారానికి ఒక్క గంట ఇవ్వమని అడుగుతున్నాను. ఈ హాల్లో రిటైరైన ఇంజనీర్లు, నర్సులు, బ్యాంకు ఉద్యోగులు, ఉపాధ్యాయులు ఉన్నారు. శనివారం సాయంత్రం మన బడి వరండాలో పదిమంది పిల్లలు, ఒక పెద్ద, ఒక నల్లబల్ల ఉంటే చాలు. రోజుకు ఐదు వాక్యాలు తీసుకోండి. నిర్వచనం ఒక్కటి కూడా అడగొద్దు. 'ఎవరు? ఎలాంటి? ఎప్పుడు? నిన్నటికి జరిపితే ఏది మారింది?' ఇవే ప్రశ్నలు. పిల్లలు తప్పు చెబితే 'ఎందుకలా అనుకున్నావమ్మా?' అని అడగండి. ఆ జవాబులో వాళ్ల ఆలోచన బయటపడుతుంది, మీరు నేర్పాల్సింది అక్కడే దొరుకుతుంది.

బయట బల్ల మీద పేర్లు రాసుకోవడానికి ఒక పుస్తకం పెట్టించాను. మొదటి పేరు నాదే రాశాను. భోజనాలకు వెళ్లేముందు రెండో పేరు ఎవరిదో చూడాలని ఉంది.